కాంకూన్‌లో చిచెన్ ఇట్సా టూర్ కొనే మనవాళ్లు ఒక్క నిమిషం ఆగండి

రాత్రే తిరిగొచ్చాం. ఇంకా కోపం తగ్గలేదు, తప్పులుంటే సర్దుకుని చదువుకోండి.

మెక్సికోలో బీచ్ ఊరు కాంకూన్ వెళ్లినవాళ్లకి టూర్లు అమ్మే ఆ బల్ల తెలిసే ఉంటుంది. హోటల్ లాబీలో, పూల్ తువ్వాళ్లిచ్చే చోటు పక్కనే. పేరు రాయను, ఇంకో తలనొప్పి నాకొద్దు. అమ్మానాన్నలు ఖమ్మం నుంచి డాలస్ వచ్చారు. అమెరికా వీసా ఉంటే మెక్సికోకి వేరే వీసా అక్కర్లేదు కదా అని నలుగురం బయల్దేరాం. నాన్న రిటైర్డ్ సోషల్ మాస్టారు. బీచ్ ఆయనకి అక్కర్లేదు, చిచెన్ ఇట్సా అనే పాత మాయన్ నగరంలోని ఆ పిరమిడ్ ఒక్కటి చూపిస్తే చాలు.

నలభై డాలర్ల రైస్ కుక్కర్ కొనడానికి వంద రివ్యూలు చదివే నేను, దీనికి మాత్రం ఆ కుర్రాడి నవ్వు చూసి కార్డు తీసిచ్చాను. తలకి 95 డాలర్లు. ఎంట్రీ టికెట్, భోజనం అన్నీ కలిపే, అక్కడ మూడు గంటలు అన్నాడు.

బస్సెక్కిన పది నిమిషాలకే గైడ్ 'ట్యాక్స్' అని తలకి 45 డాలర్లు క్యాష్ వసూలు చేశాడు. తీరా కౌంటర్ దగ్గర చూస్తే ఆ ట్యాక్సే టికెట్. చిచెన్ ఇట్సా ఉన్న యుకతాన్ రాష్ట్రానిదొకటి, కేంద్రానిదొకటి, రెండూ కలిపినా ఆరు వందల పెసోల (మెక్సికో డబ్బు) పైచిల్లర. ఇక 95లో ఏం కలిపారో ఆ పిరమిడ్ దేవుడు కుకుల్కాన్‌కే తెలియాలి. దారిలో 'మాయన్ సహకార సంఘం' అని ఒక కొట్టు దగ్గర గంటన్నర బస్సు ఆపారు. ఇన్సూరెన్స్‌కని రాయించుకున్న మా పేర్లు అక్కడ మాయన్ లిపిలో వెండి బిళ్లలై ప్రత్యక్షమయ్యాయి, ఒక్కోటి 40 డాలర్లు. కొనలేదు, ఆ ఒక్క తెలివైనా మిగిలింది. భోజనం సంగతి వదిలేయండి, శాకాహారులకి అన్నం, దోసకాయ ముక్కలు.

అసలు కడుపు మండింది ఇక్కడ. మేం దిగేసరికి ఫోన్‌లో పన్నెండున్నర. "రెండున్నరకి గేటు దగ్గరుండాలి" అన్నాడు. సరే, మూడు కాకపోయినా రెండు గంటలు దొరికాయనుకున్నాం. పాతకాలం మాయన్ల బంతాట మైదానం దగ్గర అరగంట ఉపన్యాసం విన్నాం (168 మీటర్ల పొడవట, నిజంగానే నోరు తెరిచి చూశాం). అమ్మ బాత్‌రూమ్ క్యూ అయ్యింది. అప్పుడు నాన్న పిరమిడ్ మెట్లకి ఎదురుగా నిలబడి, వేలు చూపిస్తూ లెక్క మొదలుపెట్టారు. ఒక్కో వైపు 91, నాలుగు వైపులా 364, పైమెట్టుతో 365, ఏడాదికి ఎన్ని రోజులో అన్ని. ఎక్కనివ్వడం ఎప్పుడో మానేశారు, కనీసం కళ్లతోనైనా ఎక్కుతానన్నారు.

అరవై మూడు దగ్గర ఉండగా గైడ్ జెండా పట్టుకుని వచ్చి, ఆయన చెవి దగ్గర గట్టిగా చప్పట్లు కొట్టాడు. బళ్లో పిల్లల్ని అదిలించినట్టు! టైమ్ ఒంటిగంటా నలభై. ఇంకా యాభై నిమిషాలుంది కదా అంటే, "నేను చెప్పింది కాంకూన్ టైమ్. పిరమిడ్ వెయ్యేళ్లుగా ఇక్కడే ఉంది మేడమ్, నా బస్సు ఉండదు" అన్నాడు. కాంకూన్ వేరే రాష్ట్రం, దాని గడియారం యుకతాన్ కంటే గంట ముందట. ఫోన్ దానంతటదే యుకతాన్ టైమ్‌కి మారిపోయింది. స్పానిష్‌లో చెప్పినప్పుడు 'కాంకూన్ టైమ్' అని చెప్పాడట, ఇంగ్లీషులో ఆ ముక్క మింగేశాడు. బస్సెక్కితే అందరూ మమ్మల్ని దొంగల్ని చూసినట్టు చూశారు.

ఇంకో విచిత్రం. అక్కడ చప్పట్లు కొడితే పిరమిడ్ నుంచి క్వెట్జాల్ పిట్ట కూతలాంటి ప్రతిధ్వని వస్తుంది. నాన్న అది వినాలని ఇంటి దగ్గర్నుంచీ అంటున్నారు. విన్నారు, ఆ గైడ్ చప్పట్లకే. "పిట్ట కూసిందే" అన్నారు మెల్లగా. ఆ అవమానంలోనూ ఆయన చెవి అటే ఉంది. నాకు అప్పుడు ఏడుపొచ్చింది. పవిత్ర సెనోటే (నేల కుంగి ఏర్పడిన సహజమైన నీటి బావి) చూడనే లేదు. గుడికెళ్లి ధ్వజస్తంభం చూసి వచ్చినట్టయింది.

పొద్దున బల్ల దగ్గరికెళ్లి డబ్బులడిగితే వేరే కుర్రాడున్నాడు. రీఫండ్ లేదు గానీ తులుమ్ (ఇంకో మాయన్ శిథిలాల ఊరు) టూర్‌లో పది శాతం తగ్గిస్తాడట!

వెళ్లేవాళ్లు ముందు రోజు రాత్రి దగ్గర్లోని వయదోలిద్ ఊళ్లో ఉండండి, అక్కణ్నుంచి చిచెన్ ఇట్సాకి ముప్పావుగంట, గేటు ఎనిమిదికే తీస్తారు. పెసోలు దగ్గర పెట్టుకోండి. ఎవరైనా టైమ్ చెప్తే ఏ ఊరి టైమో అడగండి. టోపీ మర్చిపోవద్దు, ఎండ మన ఖమ్మం ఎండే.