పురుగు పడితే ఎవరిని అడగాలి: యూనివర్సిటీనా, వ్యవసాయ శాఖనా?

ఒక ఖరీఫ్‌లో మా బాబాయి సాంబ మసూరి చేలో దోమపోటు (వరి మొదళ్ల దగ్గర చేరి రసం పీల్చే పురుగు) పడింది. ఒక దుబ్బు మొదలంటా పీకి, ప్లాస్టిక్ కవర్లో వేసుకుని, బస్సెక్కి జిల్లాలోని ఏరువాక కేంద్రానికి పోయాడు. అక్కడి శాస్త్రవేత్త మొదలు విడదీసి దోమల్ని చూపించి, "ముందు నీళ్లు తీసెయ్యండి. మందు ఆకుల మీద కాదు, మొదళ్లు తడిసేలా కొట్టండి. వచ్చేసారి నాటేటప్పుడు రెండు మీటర్లకొక కాలిబాట వదలండి" అన్నారు.

ఏరువాక కేంద్రం వ్యవసాయ యూనివర్సిటీది. జిల్లాకు ఒకటి ఉంటే గొప్ప. మండలంలో ఉండేది వ్యవసాయ శాఖ ఆఫీసు.

అమెరికాలో పంట సలహాకు ఈ రెండు గడపలు లేవు. 1862లో లింకన్ సంతకం పెట్టిన మోరిల్ చట్టం, కాంగ్రెస్‌లో ఒక్కో సభ్యుడికి 30,000 ఎకరాల లెక్కన రాష్ట్రాలకు భూమి ఇచ్చి, అది అమ్మిన డబ్బుతో వ్యవసాయం, ఇంజనీరింగ్ చెప్పే కాలేజీలు నడపమంది. (ఆ భూమిలో చాలావరకు అక్కడి ఆదివాసీల నుంచి గుంజుకున్నదే.) 1887లో పరిశోధన కేంద్రాలకు నిధులొచ్చాయి. అసలు మలుపు 1914 నాటి స్మిత్-లీవర్ చట్టం: రైతుకు చెప్పే పని కూడా యూనివర్సిటీకే అప్పగించింది. అందుకే కాన్సాస్ రాష్ట్రంలో కౌంటీ ఏజెంట్ (మన జిల్లా లాంటి కౌంటీలో రైతులకు సలహా చెప్పేవాడు) అంటే కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీ మనిషి. పొలంలో తనకు అంతుపట్టనిది నేరుగా తన యూనివర్సిటీ వాళ్లనే అడుగుతాడు.

ఆ కాన్సాస్ స్టేట్ సాయంతోనే 1964లో మన ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం రాజేంద్రనగర్‌లో మొదలైంది. చదువు, పరిశోధన ఒక గొడుగు కిందికి వచ్చాయి. 1986లో విడుదలైన సాంబ మసూరి ఆ యూనివర్సిటీ బాపట్ల కేంద్రం చలవే. విస్తరణ, అంటే రైతుకు చెప్పే పని, మాత్రం ఎక్కువగా శాఖ చేతుల్లోనే ఉండిపోయింది.

తెగులు, పురుగు విషయంలో నా ఓటు అమెరికా పద్ధతికే. చెప్పేవాడికీ పరిశోధించేవాడికీ యజమాని ఒకరే అయితే మాట మధ్యలో జారిపోదు. కానీ శాఖను తీసెయ్యమనలేను. సబ్సిడీ విత్తనం, పంట నమోదు, నష్టపరిహారం లెక్క ఆ ఆఫీసులోనే తేలతాయి. పైగా ఊరికి దగ్గర. అయితే ఈ కాగితాల టెన్షన్‌లో పడ్డ అధికారికి దుబ్బు విడదీసి చూసే తీరిక ఎక్కడిది?

మరుసటి ఏడు బాబాయి కాలిబాటలు వదిలే నాటించాడు. విత్తనాల సంచి మాత్రం శాఖ దగ్గరే తెచ్చుకున్నాడు.