ఇంధనం అక్కరలేని జనరేటర్: తిరుపతిలో చూసిన ప్రదర్శన

తిరుపతిలోని ఒక దుకాణంలో అమ్మకానికి పెట్టిన ఈ జనరేటరును కొనే ఉద్దేశంతోనే చూశాను. బ్యాటరీతో మోటారు తిరుగుతుందని, దానికి బెల్టుతో కలిపిన ఫ్లైవీలు అనే బరువైన చక్రం ఆల్టర్నేటరును తిప్పుతుందని, అందులో పుట్టే కరెంటు బ్యాటరీని మళ్లీ నింపడంతో పాటు ఇంటి అవసరాలకూ సరిపోతుందని వారి వాదన. ఫ్లైవీలు శక్తిని కాసేపు దాచగలదే తప్ప పుట్టించలేదు. మోటారులోనూ, బెల్టులోనూ, ఆల్టర్నేటరులోనూ వేడిగా పోయే శక్తిని ఏది భర్తీ చేస్తుందని అడిగితే, అమ్మేవారు మర్యాదగానే మాట మార్చారు. యంత్రం తిరగడం మొదలయ్యాక బ్యాటరీని విడదీసి, ఒక నీళ్ల హీటరు తగిలించి, ఒక పూట నడిపి చూపమన్నాను. ఒప్పుకోలేదు. ఆ పరీక్షకు సిద్ధపడనివారికి దయచేసి అడ్వాన్సు ఇవ్వకండి.

బోరు మోటారుకు కరెంటు ఎప్పుడు వస్తుందా అని ఎదురుచూసే చిత్తూరు రైతుకు ఇలాంటి మాట ఎంత ఆశ కలిగిస్తుందో తెలుసు కనుకనే ఇంత గట్టిగా చెబుతున్నాను. 1996లో తమిళనాడులో మూలికలతో పెట్రోలు తయారుచేస్తానన్న రామర్ పిళ్లైని చదువుకున్నవారూ నమ్మారు. అయినా కొత్తదనమంతా మోసం కాదు. ఎండతో ఆవిరి పుట్టించి వంట చేసే ఏర్పాటు తిరుమలలో 2002లోనే వచ్చింది. ఈ దుకాణంలోనూ సోలార్ ప్యానెళ్లు, ఇన్వర్టర్లు నాణ్యంగా ఉన్నాయి, వారంటీ కాగితం ఇస్తున్నారు, వాటికోసమైతే వెళ్లవచ్చు.