లిబ్‌కాన్ఫిగ్: ఏళ్ల తరబడి వాడాక

సీ భాషలో రాసిన సర్వర్ ప్రోగ్రాములకు ఫైలు నుంచి సెట్టింగులు చదవడానికి చాలా ఏళ్లుగా లిబ్‌కాన్ఫిగ్ అనే లైబ్రరీనే వాడుతున్నాను. రేపు కొత్త ప్రాజెక్టు మొదలుపెట్టినా దాన్నే తీసుకుంటాను. అయితే ఒక్క విషయంలో మాత్రం జాగ్రత్త మనమే పడాలి.

ఫైలు ఎలా రాయాలో ఎవరికైనా ఐదు నిమిషాల్లో వచ్చేస్తుంది. కర్లీ బ్రాకెట్లలో గ్రూపు, స్క్వేర్ బ్రాకెట్లలో ఒకే టైపు విలువలుండే అర్రే, రౌండ్ బ్రాకెట్లలో ఏవైనా కలిపి పెట్టుకునే లిస్టు. సెట్టింగులు రాసుకునే మరో పద్ధతి జేసన్‌లో లేని కామెంట్ల సౌకర్యం ఇక్కడుంది. ఎక్కడైనా బ్రాకెట్ మూయకపోతే ఏ ఫైల్లో, ఏ లైన్లో తేడా వచ్చిందో లైబ్రరీని అడిగి లాగ్‌లో రాసేయొచ్చు. సర్వర్ నడిపేవాళ్లకు ఇది ఎంత మేలో చెప్పలేను.

ఇక ఆ జాగ్రత్త సంగతి. కాన్ఫిగ్_లుకప్_ఫ్లోట్ లాంటి ఫంక్షన్లు విలువ దొరక్కపోతే మన వేరియబుల్‌ను ముట్టుకోవు. అందుకే ఆ వేరియబుల్లో ముందే డిఫాల్ట్ విలువ వేసి పిలుస్తాం. కోడ్ చక్కగా, చిన్నగా ఉంటుంది. కానీ టైపు కలవకపోయినా జరిగేది ఇదే. ఫైల్లో టైమ్‌అవుట్ 5 అని ఉండి, మనం ఫ్లోట్ (దశాంశ సంఖ్య) అడిగామనుకోండి. 5.0 అని లేదు కాబట్టి కాన్ఫిగ్_ఫాల్స్ (విలువ ఇవ్వలేదని చెప్పే జవాబు) వస్తుంది, ప్రోగ్రాము మాట్లాడకుండా డిఫాల్ట్‌తో నడిచిపోతుంది. రాసినవాళ్లేమో తమ 5 అమల్లో ఉందనుకుంటారు. సెట్టింగ్ అసలు లేదా, ఉండి టైపు తప్పిందా అన్నది ఆ ఫాల్స్ చెప్పదు.

సంఖ్య టైపును తనంతట తానే మార్చే ఆటోకన్వర్ట్ ఆన్ చేస్తే ఇది తీరుతుంది, కానీ ఇంట్ (పూర్ణాంకం) అడిగిన చోట 2.7 కాస్తా 2 అయిపోతుంది. అందుకని దాన్ని ఆఫ్‌లోనే ఉంచుతాను. ముందు కాన్ఫిగ్_లుకప్‌తో సెట్టింగ్ ఉందో లేదో చూసి, తర్వాత కాన్ఫిగ్_సెట్టింగ్_టైప్‌తో టైపు చూసే చిన్న ఫంక్షన్ ఒకటి రాసుకుని ప్రతిచోటా దాన్నే పిలుస్తాను. పేరులో అక్షరం తప్పినా లైబ్రరీ పట్టుకోదు కనుక, గ్రూపులోని పేర్లన్నీ తిరిగి చూసి తెలియనివాటికి హెచ్చరిక ఇచ్చే పని కూడా అక్కడే పెట్టాను.

లైబ్రరీ ఇచ్చే స్ట్రింగులు (అక్షరాల విలువలు) లైబ్రరీ సొంతం. వాటి మెమరీని మనం ఫ్రీ చేయకూడదు. చదివిన సెట్టింగులన్నీ మెమరీలోంచి తీసేసే కాన్ఫిగ్_డిస్ట్రాయ్ తర్వాత కూడా కావాలంటే ముందే కాపీ తీసుకోవాలి. సెట్టింగులను ఫైల్లోకి రాసే కాన్ఫిగ్_రైట్_ఫైల్ కామెంట్లను నిలబెట్టదు కాబట్టి, మనుషులు చేత్తో దిద్దుకునే ఫైలును ప్రోగ్రాము చేత తిరిగి రాయించకండి.