బాఖరాఖ్‌లో నదివైపు గది తీసుకోకండి

జర్మనీలో రైన్ నది ఒడ్డున ఉన్న బాఖరాఖ్‌లో బస వెతికితే ముందుగా కంటపడే మాట “రైన్ కనిపించే గది”. ఆ మాట ఉన్నందుకు అద్దె కూడా ఎక్కువే. ఊరికీ నదికీ మధ్య రైలు పట్టాలున్న సంగతి మాత్రం చాలాచోట్ల చెప్పరు. ముందు ఊరి పాత కోటగోడ, దాని పక్కనే రైలుమార్గం, తర్వాత బి9 రోడ్డు, ఆ అవతల పచ్చిక, చివరికి నది. వరస ఇదీ. నది కనిపించాలంటే కిటికీ పట్టాల మీదికే తెరుచుకోవాలి. డబ్బు ఎక్కువ కట్టి మరీ నిద్ర పోగొట్టుకోవడం అన్యాయం. బాఖరాఖ్‌కు రావద్దని కాదు. రైన్ లోయలో ఒక్క రాత్రే దొరికితే ఆ రాత్రి ఉండాల్సిన ఊరు ఇదే. గది విషయంలోనే జాగ్రత్త పడాలి.

ఆ చప్పుడు ఎక్కడిదో తెలిస్తే గది ఎంచుకోవడం తేలిక. ఈ లోయలో రైన్‌కు రెండు ఒడ్డులా జోడు లైన్లున్నాయి. ఎడమ ఒడ్డున, అంటే బాఖరాఖ్ వైపు, ప్రయాణికుల రైళ్లు ఎక్కువ. కుడి ఒడ్డున గూడ్సు బండ్లు ఎక్కువ. నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్ రేవు నుంచి ఇటలీలోని జెనోవా వరకు సరుకు వెళ్లే ప్రధాన మార్గం ఇదే. పగలు ప్రయాణికుల బండ్లు లైను పట్టుకుని ఉంటాయి కాబట్టి గూడ్సు బండ్లు రాత్రిపూట జోరందుకుంటాయి. లోయ ఇరుకు, రెండు పక్కలా రాతి కొండలు. అవతలి ఒడ్డున వెళ్లే బండి మోత కూడా నీటి మీదుగా ఇవతలికి వచ్చేస్తుంది.

ఒకప్పటితో పోలిస్తే ఇప్పుడు నయమే. పాత వాగన్లకు పోత ఇనుము బ్రేకు దిమ్మలు ఉండేవి. అవి చక్రం అంచును గరుకుగా మార్చేవి, ఆ గరుకు చక్రం పట్టా మీద దొర్లుతూ మోత పెట్టేది. మిశ్రమ పదార్థంతో చేసిన దిమ్మలు చక్రాన్ని నున్నగా ఉంచుతాయి. 2020 డిసెంబరు నుంచి జర్మనీలో పాతరకం మోత వాగన్లను చట్టం నిషేధించింది. అయినా చిన్న చప్పుడుకే మెలకువ వచ్చేవాళ్లకు ఇది చాలదు. ఇక్కడి ఇళ్లలో ఏసీలు అరుదు. జూలైలో పైకప్పు కింది గది మధ్యాహ్నమంతా కాగి ఉంటుంది, రాత్రి కిటికీ తెరవక తప్పదు. రెండు పొరల అద్దం ఉందన్న భరోసా అక్కడితో సరి. వెంట పెద్దవాళ్లుంటే మర్నాడు పొద్దున్న వాళ్ల మొహాలు చూస్తేనే రాత్రి ఎలా గడిచిందో తెలుస్తుంది. ఆ రోజు కోట ఎక్కుదామని అడగడానికి కూడా నోరు రాదు.

కాబట్టి గది తీసుకునే ముందు ఒక్క ప్రశ్న అడగండి: “త్సుర్ బాన్ ఓడర్ నాఖ్ హింటెన్?” రైలు వైపా, వెనకవైపా అని. వెనకవైపు అంటే ద్రాక్షతోటల వైపు. మ్యూన్త్స్‌బాఖ్ అనే చిన్న వాగు ఊరి మధ్యగా దిగి రైన్‌లో కలుస్తుంది. ఆ వాగు వెంట పైకి, ష్టేగ్ అనే పేట వైపు వెళ్లేకొద్దీ చప్పుడు తగ్గుతుంది. నది కనిపించదు, ద్రాక్షతోటలు కనిపిస్తాయి. నది చూడాలంటే అయిదు నిమిషాలు నడిస్తే చాలు.

కొండ మీది ష్టాలెక్ కోట ఇంకో మంచి బస. 12వ శతాబ్దపు కోట ఇది. 1689లో ఫ్రెంచి సైన్యం పేల్చేసింది, 20వ శతాబ్దంలో మళ్లీ కట్టి యూత్ హాస్టల్‌గా మార్చారు. కోటలో పడుకునే అవకాశం ఇంత తక్కువలో ఐరోపాలో అరుదు, పిల్లలున్న కుటుంబాలకు దీన్ని మించింది లేదు. హాస్టళ్ల సంఘం సభ్యత్వం ఉండాలి, ముందే తీసుకోండి. భోజనం వేళకే ఉంటుంది, ఆలస్యమైతే కొండ దిగి ఊళ్లో తినాలి. చర్చి పక్కనుంచి ఎక్కే మెట్ల దారి దగ్గరే కానీ నిటారు. పెద్ద సూట్‌కేసుతో ఎక్కే సాహసం వద్దు. బరువు సామాను మైంజ్ లేదా కోబ్లెన్జ్ పెద్ద స్టేషన్ల లాకర్లలో పెట్టి, ఒక రాత్రికి సరిపడే సంచీతో రండి. జర్మన్ స్టేషన్ లాకర్ల గడువు మామూలుగా 72 గంటలు. ఇంకో మాట: శబ్దం పైకి ఎక్కుతుంది. కోటలో కూడా నదివైపు గదికి రైలు వినబడుతుంది, కాకపోతే దూరం నుంచి.

ఊరి జనాభా రెండు వేలకు అటూ ఇటూ. ఇంత చిన్న ఊరికి ఇంత గోడ, ఇన్ని బురుజులు ఎందుకొచ్చాయంటే వ్యాపారం వల్ల. ఎగువన బింగెన్ దగ్గర నదికి అడ్డంగా గట్టి రాతి మెట్ట ఉండేది. పెద్ద పడవలు దాన్ని దాటలేవు. ఎగువ ప్రాంతాల ద్రాక్షసారా పీపాలు చిన్న పడవల్లో ఆ రాళ్లు దాటి వచ్చి, బాఖరాఖ్ రేవులో పెద్ద పడవలకు మారేవి. దాంతో ఎక్కడ పండిన ద్రాక్షదైనా దిగువ దేశాల్లో “బాఖరాఖ్ సారా” అయిపోయేది. నదివైపు గోడలో ఉన్న క్రానెన్‌టుర్మ్ పేరుకు అర్థం క్రేను బురుజు. పీపాలెత్తిన క్రేను జ్ఞాపకం ఆ పేరులో మిగిలింది. తర్వాత ఆ రాళ్లను పేల్చి దారి వెడల్పు చేశారు, ఊరికి పని పోయింది. అందుకే పాత ఇళ్లు పడగొట్టి కొత్తవి కట్టేంత డబ్బు ఇక్కడ పోగవలేదు, పాతవి నిలిచాయి.

వాటిలో పేరున్నది ఓబర్‌ష్ట్రాసె వీధిలోని ఆల్టెస్ హౌస్. 1368 నాటి కర్రచట్రం ఇల్లు. గోడల్లో కనిపించే నల్లటి దూలాలు అలంకారం కాదు, ఇంటి బరువంతా వాటి మీదే. మధ్య ఖాళీలను మట్టి, గడ్డి, సన్న కర్రలతో పూడ్చి సున్నం కొట్టేవారు. మన పల్లెల్లో తడిక అల్లి మట్టి మెత్తిన గోడలు చూసినవాళ్లకు ఈ పద్ధతి వెంటనే అర్థమవుతుంది.

పగలు పదకొండు నుంచి సాయంత్రం అయిదు దాకా ఈ వీధి ఓడల్లో, బస్సుల్లో వచ్చినవాళ్లతో నిండిపోతుంది. ఆ గంటలు గోడ నడకకు పెట్టుకోండి. ఊరి చుట్టూ పాత గోడ, బురుజుల వెంట ఒక కాలిబాట ఉంది, ఆగుతూ నడిస్తే గంట, గంటన్నర. ద్రాక్షతోటల మధ్య పోస్టెన్‌టుర్మ్ అనే బురుజు ఎక్కితే ఊళ్లోని పలక రాతి పైకప్పులు, చర్చి, కోట, నది ఒక్క చూపులో అందుతాయి. దారిలో పలక రాయి వానకు జారుతుంది, మెట్లు ఎత్తుపల్లాలు. చెప్పులతో వద్దు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లను బతిమాలి ఎక్కించవద్దు. వాళ్లకు వాగు పక్కనున్న మాలర్‌వింకెల్ మూల చాలు. కర్రచట్రం ఇళ్లు, వాగు, వెనక గోడ, అన్నీ మెట్లెక్కకుండానే కనిపిస్తాయి. సాయంత్రం ఆరు దాటాక వీధి ఊరివాళ్లకు మిగులుతుంది. రాత్రి ఉండమని చెప్పేది ఆ వేళ కోసమే.

చర్చికీ కోటకూ మధ్య వెర్నర్ ప్రార్థనాలయం శిథిలం ఉంది. కప్పు లేదు, ఎర్ర రాతి కిటికీ చట్రాలే మిగిలాయి. 1689లో కోట పేల్చినప్పుడు రాళ్లు మీదపడి దెబ్బతింది. అందరూ ఫొటో తీసుకుంటారు కానీ దాని కథ తెలుసుకుని తీసుకోవాలి. 1287లో వెర్నర్ అనే కుర్రవాడి శవం దొరికితే, యూదులే చంపారని నిందవేసి రైన్ వెంట వాళ్లను ఊచకోత కోశారు. ఆ కుర్రవాణ్ని సాధువుగా కొలిచి కట్టిన గుడి ఇది. ఆ నింద అబద్ధం. 1963లో చర్చి తన పండుగల జాబితా నుంచి అతని పేరు తీసేసింది. కవి హైన్‌రిష్ హైనె ఈ ఊరి యూదు గురువు గురించి రాసిన అసంపూర్ణ కథ 1840లో అచ్చయింది.

ఇక రాకపోకలు. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి మైంజ్ మీదుగా రావడం తేలిక. మైంజ్ నుంచి ముప్పావు గంట అటూ ఇటూ. ఇక్కడ వేగం రైళ్లు ఆగవు, ప్రాంతీయ రైళ్లే ఆగుతాయి. వాటన్నిటిలో డాయిచ్‌లాండ్ టికెట్ అనే నెలవారీ టికెట్ చెల్లుతుంది. 2025లో నెలకు 58 యూరోలు ఉన్న ఆ టికెట్ 2026 జనవరి నుంచి 63 యూరోలు. ఇది చందా. ఒక్క నెలకే కావాలంటే ఆ నెల 10వ తేదీలోగా రద్దు చేయాలి, మరిస్తే వచ్చే నెల డబ్బు కూడా పట్టుకుంటారు. ఐసీఈ, ఐసీ అనే వేగం రైళ్లలో చెల్లదు, ఓడల్లోనూ చెల్లదు. చెల్లని టికెట్‌తో పట్టుబడితే 60 యూరోలు. “తెలియదు” అన్న మాటకు అక్కడ విలువ లేదు.

అందరూ పొరపడేది ఒడ్డు విషయంలో. మైంజ్ నుంచి కోబ్లెన్జ్ వరకు రైన్ మీద ఒక్క వంతెన కూడా లేదు. బింగెన్ దగ్గర ఉన్నదాన్ని 1945లో జర్మన్ సైన్యమే పేల్చింది, మళ్లీ కట్టలేదు. వీస్‌బాడెన్ మీదుగా వచ్చే ఆర్‌బీ10 రైలు కుడి ఒడ్డున పోతుంది. తొందరలో అది ఎక్కితే లోర్ష్ దగ్గరో కౌబ్ దగ్గరో దిగి, ఎదురుగా మీ ఊరిని చూస్తూ నిలబడాలి. దాటించేది కోనసీమ రేవుల్లో తిరిగే పంటు లాంటిదే, కార్లూ మనుషులూ ఎక్కుతారు. కౌబ్ పంటు బాఖరాఖ్‌కు దిగువన సుమారు 3 కిలోమీటర్ల దూరంలో ఒడ్డు చేరుస్తుంది. రాత్రి పంటు ఉండదు. చీకటి పడ్డాక అవతల దిగారంటే మళ్లీ మైంజ్ వైపు తిరిగి వెళ్లడమే. ఎక్కేముందు బోర్డు మీద బాఖరాఖ్ పేరుందో లేదో చూసుకోండి. అలాగే బింగెన్‌కు రెండు స్టేషన్లున్నాయి, హౌప్ట్‌బాన్‌హోఫ్ ఒకటి, ష్టాట్ ఒకటి. రైలు మారమని ఏది రాసి ఉంటే అక్కడే దిగండి.

ఓడ ప్రయాణం ఒక వైపుకే చేయండి. దిగువనున్న సాంక్ట్ గోఆర్ ఊరి వరకు ప్రవాహం వెంట ఓడ త్వరగా పోతుంది, ఎదురు ప్రవాహంలో బాగా ఆలస్యం. తిరుగు రైలు పావుగంట. ప్రవాహం వెంట వెళ్లేటప్పుడు కూర్చోవడానికి ఎడమవైపు కంటే కుడివైపు మేలు. 132 మీటర్ల లోరెలై రాయి అటే వస్తుంది, దానికి ముందు నది మధ్య దీవి మీద ఫాల్జ్‌గ్రాఫెన్‌ష్టైన్ సుంకపు కోట కనిపిస్తుంది. లోరెలై పేరు పెద్దది, ఓడ నుంచి చూసేది కొండ మలుపు, కొద్ది నిమిషాలు. దీవి కోట ఎక్కువ నచ్చుతుంది. 1327లో మొదలైన ఆ కోట పని నదిలో పోయే పడవల నుంచి సుంకం వసూలు చేయడం. 1813 చివరి రాత్రి ప్రష్యా సేనాని బ్లూషర్ నెపోలియన్‌ను తరుముతూ ఇక్కడే పడవల వంతెన వేసి నది దాటడం మొదలుపెట్టాడు. కోట లోపలికి కౌబ్ నుంచి చిన్న పడవ ఉంటుంది. నీరు పెరిగితే నడపరు.

ఓడలు ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా బాగా తిరుగుతాయి. ఆగస్టు నుంచి అక్టోబరు మధ్య వస్తే కౌబ్ నీటిమట్టం చూసి బయల్దేరండి. 2018 అక్టోబరులో అది 25 సెంటీమీటర్లకు పడింది. అంటే నదిలో జానెడు నీళ్లని కాదు. అది కొలబద్ద అంకె, పడవ దారిలో లోతు దానికి మీటరు పైనే ఎక్కువ. కానీ ఆ అంకె బాగా తగ్గితే పెద్ద ఓడలు కొన్ని రేవుల్లో ఆగవు. వరద పెరిగినా రాకపోకలు నిలిపేస్తారు. నదిపక్క పార్కింగ్‌లో కారు పెట్టేవాళ్లు ఆ రోజుల్లో రాత్రి వదిలేయకూడదు.

భోజనం దగ్గర శాకాహారులు జాగ్రత్త. పల్చటి రొట్టె లాంటి ఫ్లామ్‌కూఖెన్ మీద పంది మాంసం ముక్కలు వేయడం మామూలు, “ఓనె ష్పెక్” అంటే అవి లేకుండా చేస్తారు. సెప్టెంబరులో కొత్త సారాతో ఇచ్చే ఉల్లిపాయ కేకులో కూడా అదే ఉంటుంది, అడిగి తీసుకోండి. బంగాళాదుంప తురుముతో వేయించిన కార్టోఫెల్‌పుఫర్, పక్కన ఆపిల్ గుజ్జు: పొట్ట నిండే నమ్మకమైన తిండి. అన్నం మీద ఆశ పెట్టుకోవద్దు, కారం పొడి సంచీలో ఉంచుకోండి. వంటగదులు మధ్యాహ్నం తర్వాత మూసి సాయంత్రం తెరుస్తాయి, రాత్రి తొమ్మిదికి పొయ్యి ఆర్పేస్తారు. వారంలో ఒకటి రెండు రోజులు సెలవు. ఎక్కువగా సోమ, మంగళవారాలు. నవంబరు నుంచి ఈస్టర్ దాకా చాలా తలుపులు మూసే ఉంటాయి. ఆదివారం కిరాణా దొరకదు, శనివారమే కొనుక్కోండి. కార్డు తీసుకోని చోట్లు ఇంకా ఉన్నాయి, 50 యూరోల నగదు చేతిలో ఉండాలి. నీళ్ల సీసా ఖాళీ అయ్యాక పారేయకండి, ఒక్కో ప్లాస్టిక్ సీసాకు 25 సెంట్లు దుకాణం మిషన్‌లో తిరిగొస్తాయి.

రీస్లింగ్ అనే తెల్ల ద్రాక్షసారా రుచి చూసేవాళ్లు సీసా కొనక్కర్లేదు, 0.1 లీటరు గ్లాసు అడగవచ్చు. “ట్రోకెన్” అంటే తీపి లేనిది, “ఫైన్‌హెర్బ్” కాస్త తీపి. మొదటిసారి తాగేవాళ్లకు రెండోది నచ్చుతుంది.

2029లో ఈ లోయ మొత్తంలో జర్మనీ జాతీయ ఉద్యాన ప్రదర్శన జరగబోతోంది. ఆ వేసవికి రావాలనుకునేవాళ్లు గది ముందుగానే చూసుకోండి, వెనకవైపుదే అడగండి.