మనీలా 1945: అమెరికా పక్షమా, జపాన్ పక్షమా?

యుద్ధ బోర్డు గేమ్‌లో మనీలా పోరు (1945 ఫిబ్రవరి 3 – మార్చి 3) సినారియో పరిచిన ప్రతిసారీ ఏ పక్షం ఆడాలన్నదే ప్రశ్న.

బలం: అమెరికాకు ట్యాంకులు, ఫిరంగులు దండిగా ఉంటాయి. జపాన్‌కు రియర్ అడ్మిరల్ ఇవాబుచి నౌకాదళ సిబ్బంది, గట్టి కాంక్రీటు భవనాలు.

శ్రమ: అమెరికా గది గదీ గెలవాలి. పోస్టాఫీసు ఒక్కటే నా సాయంత్రమంతా తినేసింది. పై అంతస్తు పట్టినా కింద నుంచి కాల్పులు ఆగలేదు. జపాన్‌కు కాచుకోవడమే పని.

రిస్క్: అమెరికా జనరల్ మెకార్థర్ విమాన బాంబులు వద్దన్నాడు, కానీ ఫిరంగులు ఇంట్రామురోస్ (మనీలా పాత కోట నగరం) గోడల్ని పగలగొట్టాయి. దాదాపు లక్షమంది పౌరులు చనిపోయారు, వాళ్లలో ఎందరినో జపాన్ సైనికులే ఊచకోత కోశారు. పౌరుల్ని లెక్కలోకి తీసుకోని రూల్స్‌తో దీన్ని ఆడకండి.

కొత్తగా నేర్చుకునేవారికి జపాన్ పక్షం. ఓపిక, ఖాళీ ఆదివారం ఉన్నవారికి అమెరికా.