ఎక్స్‌టెండెడ్ వారంటీ: కంపెనీదా, బయటిదా, అసలు వద్దా?

కారు కొన్న మూడో ఏడు నడుస్తుండగా అందరూ అడిగేది ఒకటే ప్రశ్న. "షోరూమ్ వాళ్లు ఒకటే ఫోన్లు, ఎక్స్‌టెండెడ్ వారంటీ తీసుకోమంటున్నారు. తీసుకోనా, వద్దా?" కారుతో వచ్చిన వారంటీ అయిపోయాక కూడా పాడైన పార్టు బాగుచేసిచ్చేలా, డబ్బు కట్టి పొడిగించుకునేదే ఇది. ఈ మధ్య మా కారుకీ ఆ గడువు వచ్చింది. కాగితాలన్నీ ముందేసుకుని కూర్చున్నాను కాబట్టి నాకు తేలిన లెక్క ఇదీ.

ముందు ఒక గందరగోళం వదిలించుకుందాం. సేల్స్ కుర్రాడు "బంపర్ టు బంపర్ సార్, టెన్షన్ వద్దు" అంటాడు. అది వారంటీ గురించో, జీరో డెప్ (పార్టుల ధరలో తరుగు కోయని) ఇన్సూరెన్స్ గురించో ఒక్కోసారి అతనికే తెలీదు. దెబ్బ బయటినుంచి తగిలితే ఇన్సూరెన్స్ చూసుకోవాలి, పార్టు తనంతట తాను పాడైతే వారంటీ చూసుకోవాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు కార్లు మునిగాయి కదా, అలాంటప్పుడు ఏ వారంటీ కాగితమూ అక్కరకు రాదు. నీళ్లు పోయిన ఇంజన్‌కి ఇన్సూరెన్స్ పాలసీలో అదనంగా డబ్బు కట్టి చేర్చుకునే ఇంజన్ ప్రొటెక్ట్ యాడాన్ ఉండాలి. ఎలుకలు కొరికిన వైరింగూ వారంటీలోకి రాదు.

ఇక మిగిలిన దారులు మూడు: కారు తయారుచేసిన కంపెనీ ఇచ్చే వారంటీ, డీలరు అంటగట్టే బయటి సంస్థ వారంటీ, ఏదీ తీసుకోకుండా ఆ డబ్బు దాచుకోవడం.

ధర, ఏళ్లు, కిలోమీటర్లు పక్కపక్కన పెట్టి చూస్తే బయటిదే చవగ్గా కనిపిస్తుంది. కవరయ్యే పార్టుల జాబితా కూడా ఒక్కోసారి దానిదే పొడుగు. కానీ నేను ముందు చూసేది ఆ జాబితా కాదు. క్లెయిమ్ పడ్డ రోజున సరే అనో కాదనో చెప్పేది ఎవరు? వాళ్లకీ, బండి విప్పే వర్క్‌షాపుకీ సంబంధం ఏమిటి? నా మటుకు తేల్చేది ఇదే.

మా బావగారి కారు సంగతే తీసుకోండి. ఆటోమేటిక్ బండి, ఒరిజినల్ వారంటీ అయిపోయాక గేరు మారేటప్పుడు గుంజడం మొదలుపెట్టింది. ఆయన దగ్గరున్న కాగితం మీద పైన షోరూమ్ లోగో పెద్దదిగా ఉంది. కింద, చీమ తలకాయంత అక్షరాల్లో, వేరే ఊళ్లో ఉన్న వేరే సంస్థ పేరు. వర్క్‌షాపు వాళ్లు "గేర్‌బాక్స్ దింపితేగానీ చెప్పలేం" అన్నారు. వారంటీ సంస్థ "దింపించి ఫొటోలు పంపండి, చూసి చెప్తాం" అంది. దింపడానికయ్యే కూలి ఎవరిది? క్లెయిమ్ ఒప్పుకుంటే సంస్థది, ఒప్పుకోకపోతే కస్టమర్‌ది. అంటే విప్పిన గేర్‌బాక్స్ బల్ల మీద పెట్టుకుని, ఖర్చు ఎవరిదో తెలియకుండా ఎదురుచూడాలి. ఆ తర్వాత వాళ్ల మనిషి వచ్చి, గేర్ ఆయిల్ మార్చినట్టు రికార్డు చూపించమన్నాడు. అది వర్క్‌షాపు కంప్యూటర్లో ఉంది. వర్క్‌షాపేమో "మేం బయటి సంస్థకి రికార్డులివ్వం సార్, మీరే ఈమెయిల్ పెట్టి అడగండి" అంది. చివరికి పార్టుల డబ్బు వచ్చింది, కూలి రాలేదు. మోసం అని ఎవరినీ వేలెత్తి చూపలేం. ఇద్దరూ తమ తమ రూలు ప్రకారమే నడిచారు, మధ్యలో నలిగింది బావగారు.

కంపెనీ వారంటీలో ఈ బంతాట ఉండదు. సర్వీసు చేసిన రికార్డు వాళ్ల దగ్గరే, ఒప్పుకోవాల్సిందీ వాళ్లే. కంపెనీ వాళ్లేదో ధర్మాత్ములని కాదు. "వేర్ అండ్ టేర్ సార్" (వాడకంలో అరిగిపోయింది) అనే మాట వాళ్లకీ నోటి చివరే ఉంటుంది. క్లచ్ ప్లేటు, బ్రేక్ ప్యాడ్లు, వైపర్లు, టైర్లు, రబ్బరు బుష్‌ల వంటివి ఎటూ ఇవ్వరు. బయట సీఎన్‌జీ కిట్టు బిగించినా, వైరు కోసి మ్యూజిక్ సిస్టమో అదనపు లైట్లో పెట్టించినా ఎలక్ట్రికల్ క్లెయిమ్ కాదనడానికి అదే సాకు. ఒక సర్వీసు గడువు దాటించినా అంతే. కాకపోతే పోట్లాడాల్సింది ఒక్కరితోనే, అదే నాకు పెద్ద తేడా.

కంపెనీల ఆఫర్లూ ఒకేలా లేవు. మారుతి 2024 జులైలో మామూలు వారంటీనే 3 ఏళ్లు లేదా లక్ష కిలోమీటర్లకు పెంచింది. అదనంగా డబ్బు కడితే 6 ఏళ్లు లేదా 1.6 లక్షల కిలోమీటర్ల దాకా పొడిగించుకోవచ్చు. ఇక్కడ "ఏది ముందైతే అది" అన్న మాటను తేలిగ్గా తీసుకోకండి. వారం వారం హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లొచ్చేవాళ్లకి ఆ ప్రయాణాలకే ఏడాదికి 28 వేల కిలోమీటర్ల పైచిలుకు తిరుగుతుంది. ఊళ్లో తిరుగుడు కలిపితే ఆరేళ్ల కాగితం ఐదో ఏటికే చెల్లిపోతుంది. అలాంటివాళ్లు కిలోమీటర్ల పరిమితి లేని ప్యాకేజీ దొరికే కంపెనీల వైపు చూడాలి. చెప్పిన ధర మీద 18 శాతం జీఎస్టీ ఉంటుంది, కలిపి చెప్పారా లేదా అడగండి.

వద్దనుకోవడం కూడా తెలివితక్కువేం కాదు. మామూలు పెట్రోల్ ఇంజన్, మాన్యువల్ గేరు, తిరిగేది తక్కువ, దగ్గర్లో నమ్మకమైన మెకానిక్ ఉన్నాడు అంటే ఆ డబ్బు బ్యాంకులో వేసుకోండి. టర్బో, డీజిల్, డ్యూయల్ క్లచ్ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేరు) బండ్లకు మాత్రం నేను ఆ మాట అనలేను. ఇంజెక్టర్లు, టర్బో, గేర్లు మార్చే ఎలక్ట్రానిక్ యూనిట్ (మెకట్రానిక్స్), వీటిలో ఏ ఒక్కటి పోయినా వారంటీకి కట్టేదానికి ఎన్నో రెట్లు బిల్లవుతుంది. మాది ఆటోమేటిక్. కంపెనీదే తీసుకున్నాను.

సరే, తీసుకున్నారు, పార్టు పోయింది, "కవర్ అవదు సార్" అన్నారు. అప్పుడేం చేయాలి?

అసలు పని అంతకుముందే మొదలవ్వాలి. కొనేటప్పుడు సేల్స్ మనిషి నోటితో చెప్పిన మాటను "మీరు చెప్పినట్టు గేర్‌బాక్స్, ఏసీ కంప్రెసర్ రెండూ కూలితో సహా కవర్ అవుతాయి కదా?" అని వాట్సాప్‌లో అడిగి, అతనితో అవుననిపించుకోండి. వారంటీ గడువు దగ్గరపడ్డప్పుడు చిన్న చప్పుడు వినిపించినా జాబ్ కార్డులో (బండి ఇచ్చేటప్పుడు వర్క్‌షాపు వాళ్లు రాసే కాగితంలో) రాయించండి. "కస్టమర్ వాయిస్" అనే గడి ఉంటుంది, ఫిర్యాదు అందులో పడాలి. సర్వీస్ అడ్వైజర్ "జనరల్ చెకప్" అని రాసి సరిపెట్టేస్తే సంతకం పెట్టకండి. గడువులోపే చెప్పామనడానికి తర్వాత అదే సాక్ష్యం.

కాదన్నప్పుడు ఏ నిబంధన కింద కాదన్నారో ఈమెయిల్లో రాసివ్వమనండి. నోటిమాటగా చాలా ధైర్యంగా చెప్పేవాళ్లు రాయమంటే మెత్తబడిపోవడం మామూలే. బండి లేకపోతే గడవదనుకుంటే అభ్యంతరం తెలుపుతూ ఈమెయిల్ పెట్టి డబ్బు కట్టండి, పోయిన పాత పార్టు మాత్రం అడిగి ఇంటికి తెచ్చుకోండి. డబ్బు మీరే కట్టారు కాబట్టి అది మీదే. రేపు నిపుణుడికి చూపించాలంటే చేతిలో ఉండాల్సింది ఆ ముక్కే.

తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. అక్కడ తీర్పులేం రావు, కానీ కంపెనీకి ఫిర్యాదు వెళ్తుంది, చిన్న మొత్తాలు అక్కడే తేలిపోవచ్చు. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరుండే ఊళ్లోనే కేసు వేయొచ్చు, వారంటీ సంస్థ ఏ ముంబైలోనో ఉందని అక్కడికి పోనక్కర్లేదు. వివాదం మొదలైన రెండేళ్లలోపు వేయాలి. చెల్లించిన విలువ 5 లక్షల లోపైతే ఫీజు లేదు. కారు ధరే లెక్కేసినా, అది 10 నుంచి 20 లక్షల మధ్య ఉంటే కట్టాల్సిన ఫీజు 400 రూపాయలు.

ఫిర్యాదు రాసేటప్పుడు చాలామంది ఆవేశంలో "తయారీ లోపం" అని మొదలుపెడతారు. ఆ మాటంటే నిరూపించే భారం మీ నెత్తినే పడుతుంది, నిపుణుడి రిపోర్టు తెమ్మంటారు. మీ కాగితంలో "మెకానికల్, ఎలక్ట్రికల్ బ్రేక్‌డౌన్" కవర్ చేస్తామని ఉంటే అంత దూరం పోనక్కర్లేదు. డబ్బు తీసుకుని, ఒప్పుకున్న పని చేయలేదు కాబట్టి సేవాలోపం అని రాయండి. అదే కాగితంలో "పదార్థంలోగానీ తయారీలోగానీ లోపం ఉంటేనే" అని ఉంటే దారి ఇరుకవుతుంది. కొనేముందే ఈ వాక్యం వెతుక్కోమనేది అందుకే. బయటి వారంటీ అయితే అమ్మిన డీలరునీ, సంస్థనీ ఇద్దర్నీ ప్రతివాదులుగా చేర్చండి. చట్టంలో మూడు నెలలు, పరీక్ష అవసరమైతే ఐదు నెలలు అని గడువుంది గానీ, వాస్తవంలో ఏళ్లు పట్టే కేసులే ఎక్కువ. అయిదారు వేల రూపాయల కూలి కోసమైతే నేను 1915 దగ్గరే ఆగుతాను.

పాత కార్లు అమ్మే కంపెనీలిచ్చే ఆరు నెలలు, ఏడాది వారంటీల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ఉచితంగా వస్తే తీసుకోండి, దాన్ని చూసి మాత్రం కారు కొనకండి. ఎలక్ట్రిక్ కార్లకి బ్యాటరీ వారంటీ విడిగా, ఎక్కువ ఏళ్లకి ఉంటుంది కాబట్టి మిగతా భాగాలకే లెక్క చూసుకోండి.

నాలుగైదేళ్లలో బండి అమ్మేసే ఆలోచన ఉంటే ఇంకో ప్రశ్న కూడా అడగండి: కొన్నవాళ్ల పేరు మీదికి వారంటీ మారుతుందా, మారితే ఎన్ని రోజుల్లో చెప్పాలి, ఎంత కట్టాలి? మారే పనైతే కంపెనీ వారంటీకి పెట్టిన డబ్బులో కొంత అమ్మకం ధరలో తిరిగొస్తుంది.