భవిత కేంద్రం, ప్రైవేటు థెరపీ, ఆయుర్వేదం, హోమియో: అనంతపురంలో ఏళ్ల తరబడి వాడాక

హోమియో వాడితే మాట వస్తుందా, అనంతపురం చుట్టుపక్కల మంచి స్పెషల్ స్కూల్ ఉందా? మాట రాని, ఎదుగుదల లోపాలున్న పిల్లల తల్లిదండ్రుల నుంచి ఈ రెండు ప్రశ్నలూ దాదాపు ఎప్పుడూ జంటగానే వస్తాయి. రెండిటికీ జవాబు చెప్పేంత వాడకం మా ఇంట్లో జరిగింది. మేధో వైకల్యం, ఫిట్స్, కుడికాలి బిగుతు మూడూ ఉన్న పిల్లాడి విషయంలో తేలిన సంగతులివి. ఆటిజం మాత్రమే ఉన్న ఇళ్లకూ చాలావరకు పనికొస్తాయి. చదువులో కాస్త వెనకబడ్డ పిల్లల లెక్క వేరు, వాళ్లకిది కాదు.

దేనికన్నా ముందు చెవి సంగతి తేల్చుకోవాలి. మేనరికాలు ఎక్కువున్న మన జిల్లాల్లో పుట్టు వినికిడి లోపం అరుదేమీ కాదు. తలుపు దభాలున పడితే తిరిగి చూస్తున్నాడు కదా అని వదిలేయొద్దు. అలాంటి పిల్లాడికి కూడా 'స', 'ఫ' లాంటి సన్నని శబ్దాలు అందకపోవచ్చు. శబ్దానికి మెదడు స్పందిస్తుందో లేదో చూసే బెరా అనే వినికిడి పరీక్ష రాయించుకోండి. అది జరిగినంతసేపూ పిల్లాడు నిద్రలో ఉండాలి కాబట్టి ముందు రాత్రి ఆలస్యంగా పడుకోబెట్టి, తెల్లారకముందే లేపి, ఆటోలో కునుకు తీయకుండా చూసుకోవాలి. ఫిట్స్ ఉన్న పిల్లాడైతే నిద్ర ఎంత తగ్గించవచ్చో ముందే డాక్టరునడగండి, నిద్ర చాలకపోతే ఫిట్ వచ్చే ప్రమాదం ఉంది. తలస్నానం చేయించి నూనె పెట్టకుండా తీసుకెళ్లండి. నుదుటి మీద, చెవి వెనక జిడ్డుంటే ఎలక్ట్రోడు అతకదు, మళ్లీ రమ్మంటారు. ఫిట్స్ కోసం తీసే మెదడు పరీక్ష ఈఈజీకీ అంతే.

ప్రభుత్వ పాఠశాల విద్యా పథకం సమగ్ర శిక్ష కింద, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలాల్లో నడిచే భవిత కేంద్రానికి నేను 5కు 3 మార్కులేస్తాను. పైసా ఖర్చు లేదు, ఇంటికి దగ్గర, పిల్లాడి పేరు ఊరి బడి రిజిస్టరులోనే ఉంటుంది, కాలిపర్లు, వీల్‌చైర్ల క్యాంపు ఎప్పుడుందో అక్కడే ముందు తెలుస్తుంది. తగ్గిన రెండు మార్కులు టీచర్ల తప్పు వల్ల కాదు. రిసోర్స్ టీచరు కేంద్రంలో పిల్లల్ని చూడాలి, బళ్లు తిరగాలి, కదల్లేని పిల్లల ఇళ్లకూ పోవాలి. ఫిజియోథెరపిస్టు వంతుల వారీగా వస్తారు. దాన్ని రోజువారీ బడి అనుకుంటే నిరాశే మిగులుతుంది. ఫిజియో వచ్చే రోజు తెలుసుకుని ఆ రోజు మాత్రం తప్పకుండా వెళ్లి, చేయించిన వ్యాయామాన్ని ఫోనులో వీడియో తీసుకుని, మిగతా రోజులు పిల్లాణ్ని ఊరి బడికి పంపితే కేంద్రం విలువ తెలుస్తుంది. బడిలో చేర్చుకోబోమని వాళ్లంటే నోటిమాటగా వాదించొద్దు. 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల దాకా ఊరి బడిలో గానీ, కోరుకున్న స్పెషల్ స్కూల్లో గానీ ఉచితంగా చదివే హక్కుంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం 31వ సెక్షన్ అని రాసి అర్జీ ఇవ్వండి. కాగితం మీద సెక్షన్ నంబరు కనిపిస్తే మాట తీరు మారుతుంది.

కేంద్రమైనా, ప్రైవేటైనా, హాస్టలున్న స్కూలైనా అడగాల్సిన మొదటి కాగితం ఒకటే, వ్యక్తిగత విద్యా ప్రణాళిక. దానికి ముందు పిల్లాడు ఏయే పనులు చేయగలడో చూసే ఎఫ్‌ఏసీపీ అనే చెక్‌లిస్టు నింపుతారు. దాన్ని సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని మేధో వైకల్య జాతీయ సంస్థ, అంటే ఇప్పటి ఎన్‌ఐఈపీఐడీ, తయారుచేసింది. ప్రీప్రైమరీ నుంచి వృత్తి శిక్షణ ముందు దశ దాకా వేర్వేరు జాబితాలుంటాయి. ఒక స్థాయిలో 80 శాతం పనులు చేయగలిగితే పై స్థాయికి మారుస్తారు. ఇది అడిగితే చాలామంది ఆశ్చర్యంగా చూస్తారు, కానీ అడగండి. ప్రణాళికలో 'శుభ్రత మెరుగుపడాలి', 'ఏకాగ్రత పెరగాలి' అని ఉంటే ఆ కాగితం దండగ. 'చెంబు ఇచ్చి నీళ్లు తెమ్మంటే, వేలితో చూపించకుండా 5 సార్లలో 4 సార్లు తేవాలి, మూడు నెలల్లో' అని ఉంటే అది లక్ష్యం. చేయి పట్టుకుని చేయించినది, నోటితో చెబితే చేసినది, తనంతట తాను చేసినది వేరువేరు గుర్తులతో రాయించండి. మూడిటికీ కలిపి ఒకే టిక్కు పెట్టే చోట పిల్లాడు ప్రతి నెలా ఎదుగుతూనే ఉంటాడు, ఇంట్లో మాత్రం ఏమీ మారదు.

మాకు బాగా పనిచేసిన పద్ధతి చివరి మెట్టు నుంచి నేర్పడం. నిక్కరు వేసుకోవడమే చూడండి. మొదట నడుము దగ్గర నాలుగు వేళ్ల ఎడం వదిలి, ఆ కాస్తా పిల్లాడితో పైకి లాగించాలి. అది పది సార్లలో ఎనిమిది సార్లు తనే చేస్తే తొడల దగ్గర వదలాలి. తర్వాత మోకాళ్లు, తర్వాత చీలమండలు, చివరగా కాలు దూర్చడం. ఇలా అయితే ప్రతిసారీ పని పూర్తయ్యేది వాడి చేతిలోనే, అందుకే మొండికేయడు. ఎలాస్టిక్ నిక్కరే వాడాలి, ఒక సైజు వదులుగా. హుక్కు, జిప్పు ఉన్న యూనిఫారం నిక్కరుతో మొదలుపెడితే పని చెడుతుంది. బడికి చెప్పి ఎలాస్టిక్ కుట్టించుకోండి.

ప్రైవేటు థెరపీ కేంద్రాల్లో తలుపు దగ్గరే చూడాల్సింది ఆర్‌సీఐ, అంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, రిజిస్ట్రేషన్ నంబరు. రిహాబిలిటేషన్ కౌన్సిల్ చట్టం 1992 నాటిది. స్పెషల్ ఎడ్యుకేటరుకైనా, స్పీచ్ థెరపిస్టుకైనా ఈ నంబరు ఉండాలి, కౌన్సిల్ వెబ్‌సైటులో పేరు సరిచూసుకోవచ్చు. గోడ మీద ఫ్రేమ్ కట్టిన సర్టిఫికెట్ ఒకరిది, గదిలో పిల్లాడి ముందు కూర్చునేది ఇంకొకరు: ఇది మామూలు. మేము వెళ్లిన ఒక చోట నెలల ప్యాకేజీ ముందే కట్టించుకుని, థెరపిస్టు మానేశాక కొత్తగా చేరిన అమ్మాయితో నెట్టుకొచ్చారు. కాబట్టి నెలకు మించి ముందుగా కట్టొద్దు. ప్రతి సెషనులో చివరి పది నిమిషాలు తల్లి చేత చేయించి, తప్పులు దిద్దమనండి. గది తలుపు మూసి, తల్లిని బయట కుర్చీలో కూర్చోబెట్టి పంపేసే చోట నేర్చుకున్నది ఆ గదిలోనే ఆగిపోతుంది.

హాస్టలున్న స్పెషల్ స్కూళ్ల గురించి తక్కువే చెబుతాను, ఎందుకంటే పిల్లాణ్ని బట్టి తీర్పు మారుతుంది. 1969 నుంచి జిల్లాలో పనిచేస్తున్న స్వచ్ఛంద సంస్థ ఆర్‌డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) వికలాంగ పిల్లల కోసం స్కూళ్లు నడిపింది, ముందు అక్కడ విచారించడం మేలు. ఏ స్కూలైనా సరే, పగలు కాదు, సాయంత్రం చీకటి పడ్డాక వెళ్లి చూడండి. బాత్రూం గడియ లోపలి నుంచి పడిపోతే బయటి నుంచి తీయగలరా? రాత్రి పూట ఫిట్స్ మందు ఎవరు పోస్తారు, ఎక్కడ రాస్తారు? ఆ పుస్తకం చూపించలేకపోతే తిరిగి వచ్చేయండి.

మందుల విషయానికొస్తే, మా నియమం ఒకటే. ఒకసారికి ఒకే మార్పు. మొదలుపెట్టే ముందు రెండు వారాలు నోటుబుక్కులో లెక్క రాయాలి: రోజుకు ఎన్ని కొత్త మాటలు, రాత్రి ఎన్నిసార్లు లేచాడు, విరేచనం అయిందా, ఫిట్ వస్తే ఎంతసేపు. తర్వాత మందు, మళ్లీ అదే లెక్క, రాసేది కూడా ఒకే మనిషి. స్పీచ్ థెరపీ, హోమియో మాత్రలు ఒకే నెలలో మొదలుపెట్టి, మాట వచ్చింది మాత్రల వల్లే అంటే ఎవరు కాదంటారు?

ఆ లెక్కలో గెలిచింది నూనె మర్దన. నువ్వుల నూనె గోరువెచ్చగా, స్నానానికి ముందు పావుగంట. బిగుసుకున్న పిక్క మెత్తబడ్డాక పాదాన్ని నెమ్మదిగా పైకి వంచి అర నిమిషం ఆపాలి, విదిలించి లాగకూడదు. పట్టుపట్టి కాళ్లు విడదీసే మర్దనల వల్ల తుంటి కీలుకు దెబ్బ తగిలే ప్రమాదం ఉంది. నిక్కరు మార్చేటప్పుడు తొడలు విడవకపోయినా, ఒక కాలు పొట్టిగా కనిపించినా మర్దన ఆపి తుంటి ఎక్స్‌రే తీయించండి. పాదానికి ప్లాస్టిక్ స్ప్లింటు వాడుతుంటే తొడిగే ముందు నూనె పూర్తిగా కడగాలి. విప్పాక పడ్డ ఎర్ర మచ్చ అరగంటకూ పోకపోతే అక్కడ ఒత్తుతున్నట్టు. స్ప్లింటు తిరిగి తయారుచేసిన చోటికే తీసుకెళ్లి ఆ భాగం సరిచేయించాలి.

రెండోది తిండి. గోధుమ, పాలు మానిపిస్తే ఆటిజం తగ్గుతుందనే ఆహార పద్ధతికి గట్టి ఆధారం లేదు. గోధుమ మాన్పడం మనకు పెద్ద పనేం కాదు, సంగటి, కొర్రన్నం, జొన్నరొట్టె ఉన్న ఇంట్లో పెద్దగా తేడా తెలీదు. పెరుగు మాన్పడమే నష్టం, ఆ కాల్షియం రాగుల్లో పూడ్చుకోవాల్సి వస్తుంది. నిజంగా తేడా చూపించింది మలబద్ధకం తీరడం. మూడు రోజులు విరేచనం కాని పిల్లాడు తల గోడకేసి కొట్టుకుంటే దాన్ని ప్రవర్తన సమస్య అని థెరపీకి పంపుతారు. నీళ్లు, రాగి అంబలి, ఆకుకూర, రోజూ ఒకే వేళకు కాళ్ల కింద పీట పెట్టి కూర్చోబెట్టడం, అయినా కాకపోతే డాక్టరు రాసే సిరప్.

వస కొమ్ము అరగదీసి నాకించడం మన ఇళ్లలో పాత అలవాటు. మాట రావడానికి పోయొద్దు. అందులోని బీటా అసరోన్ అనే రసాయనం మంచిది కాదు, పసిపిల్లలకు వాంతులు, మత్తు కమ్మిన సందర్భాలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. సారస్వతారిష్టం అరిష్టం కాబట్టి పులియబెట్టినప్పుడు పుట్టిన ఆల్కహాల్ ఉంటుంది, ఫిట్స్ మందు వాడే పిల్లాడికి అడగకుండా ఇవ్వకూడదు. పిల్లలకు నాకించే బంగారు భస్మం మందు స్వర్ణప్రాశనలో తేనె ఉంటుంది గనుక ఏడాది లోపు పిల్లలకు అసలే వద్దు. భస్మాలూ, పేరు లేని పొట్లాలూ ఇంకా ప్రమాదం. 2008లో ఒక అమెరికా వైద్య పత్రిక, ఇంటర్నెట్‌లో కొన్న ఆయుర్వేద మందులు పరీక్షిస్తే సుమారు అయిదో వంతులో సీసం, పాదరసం లేదా ఆర్సెనిక్ దొరికాయని రాసింది. ఎదిగే మెదడుకు సీసం ఎంత చేటో చెప్పక్కర్లేదు. లైసెన్సు నంబరు, బ్యాచి నంబరు, పదార్థాల జాబితా మూడూ లేని సీసా ఇంట్లోకి రానివ్వలేదు మేము.

హోమియో మాత్రల వల్ల మా పుస్తకంలో మంచీ లేదు, చెడూ లేదు. చెడు జరిగేది ఆ మాత్రలతో కాదు, 'ఇంగ్లీషు మందు ఆపితేనే ఇది పనిచేస్తుంది' అనే మాటతో. వాల్‌ప్రోయేట్ లాంటి ఫిట్స్ మందు ఉన్నట్టుండి ఆపితే ఆగని ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి తెస్తుంది. సిరప్ చెంచాతో కాదు, సిరంజితో ఎంఎల్ లెక్కన కొలవండి. కంపెనీ మారినప్పుడు 5 ఎంఎల్‌లో ఎన్ని మిల్లీగ్రాములో సీసా మీద చదవండి. తిరనాళ్లకూ, పెళ్లికీ పోయేటప్పుడు మొదట సంచిలో పడాల్సింది ఈ సీసా. ఫిట్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టి గడియారం చూడండి. చేతిలో తాళాలు పెట్టడం, నోట్లో నీళ్లు పోయడం, పళ్ల మధ్య చెంచా దూర్చడం వద్దు. 5 నిమిషాలు దాటితే 108. మూర్ఛ నయం చేస్తామని ప్రకటన ఇవ్వడమే 1954 మ్యాజిక్ రెమెడీస్ చట్టం కింద నేరం. గోడ మీద ఆ రాత కనిపిస్తే ఆ చోటు వదిలేయడానికి అది చాలు.

స్టెమ్ సెల్స్ కోసం పొలం అమ్మేవాళ్లున్నారు. ఆటిజానికి ఆ చికిత్స సిఫారసు చేయలేమని నేషనల్ మెడికల్ కమిషన్ 2022లోనే చెప్పింది. ఒంట్లోంచి లోహాలు తీసేస్తామనే చిలేషన్ జోలికీ పోవద్దు. 2005లో అమెరికాలో ఆటిజం ఉన్న అయిదేళ్ల పిల్లాడు ఆ ఇంజెక్షన్‌తో చనిపోయాడు.

ఖర్చు తగ్గించేది కాగితాలే. సదరం, అంటే ప్రభుత్వం ఇచ్చే వైకల్య సర్టిఫికెట్, దానికి స్లాటు గ్రామ, వార్డు సచివాలయంలో బుక్ చేస్తారు. మేధో వైకల్యానికి ఐక్యూ, సామాజిక పరిణతి పరీక్షలూ, ఆటిజానికి 40 ప్రశ్నల ఐసా స్కేలూ చేస్తారు, అందులో 70 మార్కుల నుంచి ఆటిజం కింద లెక్క. పిల్లాడు ఆకలిగా, నిద్రమత్తులో ఉంటే మార్కులు అటూ ఇటూ అవుతాయి. ఇంట్లో చేయలేనివి తల్లిని అడుగుతారు, 'అన్నీ చేస్తాడు' అని పరువుకు పోయి చెబితే శాతం తగ్గిపోతుంది. 40 శాతం వస్తే 2024 నుంచి పింఛను నెలకు రూ. 6,000. కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్టు నడిపే నిరామయ ఆరోగ్య బీమా రూ. లక్ష దాకా ఇస్తుంది. తెల్లకార్డు వాళ్లకు చేరిక రుసుము రూ. 250, మిగతావాళ్లకు రూ. 500, ముందస్తు వైద్య పరీక్ష అక్కర్లేదు. థెరపీకే కాదు, ప్రత్యామ్నాయ వైద్యానికీ ఒక పరిమితి లోపల వర్తిస్తుంది, అయితే రిజిస్టరైన డాక్టరు చీటీ, నంబరున్న బిల్లు ఉండాలి. పొట్లం మందుకు బిల్లు రాదు, డబ్బూ రాదు. బెంగళూరు నిమ్హాన్స్‌ ఆసుపత్రికో సికింద్రాబాదుకో రైల్లో పోయేటప్పుడు మేధో వైకల్యం ఉన్న పిల్లాడికీ, తోడు వెళ్లే ఒకరికీ స్లీపరులో 75 శాతం రాయితీ ఉంది.

ఒక్కటి చాలామంది ఆలస్యంగా తెలుసుకుంటారు. 18 నిండాక చట్టం దృష్టిలో తల్లిదండ్రులు సంరక్షకులు కారు. మేధో వైకల్యం, ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బహుళ వైకల్యాలున్న వాళ్లకు కలెక్టరు అధ్యక్షతన ఉండే స్థానిక స్థాయి కమిటీ నుంచి సంరక్షకత్వం తెచ్చుకోవాలి. బ్యాంకులో సంతకం అడిగినప్పుడే ఇది బయటపడుతుంది, కాబట్టి 17 దాటగానే ఆధార్, సదరం, పుట్టిన తేదీ పత్రాల్లో పేరు అక్షరాలు ఒకేలా ఉన్నాయో లేదో సరిచూసి దిద్దించుకోండి.